కంపుగాడు నీళ్ళల్లోకి దిగాడు

పిల్లలూ! ఈ నెల మన పేజీకి ఒక తండ్రిగారి ఉత్తరం కారణమయింది. ఆయన ఇట్లా రాశారు: "మావాడు తొమ్మిదో తరగతి. రోబోలు చేయటం నేర్పే క్లాసుకు పంపించమని నెల రోజులుగా ఒకటే పోరు పెడుతున్నాడు. ఆ క్లాసు ఫీజూ, దానితోపాటు కొనవలసిన సామాను పెట్టె ఖరీదూ కలిపితే మా ఇంటికి రెండు నెలల వెచ్చాలు వస్తాయి. కొనకపోతే మావాడు వెనకబడిపోతాడా? కొంటే ఇంజనీరు అయిపోతాడా?"

ఈ రెండు ప్రశ్నలకూ ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఒక్క మాట జవాబులు ఎవరికీ గుర్తుండవు. అందుచేత ముందు నలుగురు కుర్రవాళ్ళ సంగతి చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు. 2004వ సంవత్సరంలో అమెరికాలో నిజంగా జరిగింది.

అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ చాలా భాగం ఎడారి. దాని ముఖ్యపట్టణం ఫీనిక్స్. ఆ పట్టణంలో పడమటివైపున, పేద కుటుంబాలు ఎక్కువగా ఉండేచోట, కార్ల్ హేడెన్ హైస్కూలు ఉన్నది. ఆ బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉండేవారు. ఫ్రెడీ లాజ్వర్దీ సముద్ర విజ్ఞానం చెప్పేవాడు. ఆలన్ కేమెరాన్ కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. ఎడారిలో సముద్ర విజ్ఞానమేమిటని మీరు నవ్వవచ్చు. ఆ నవ్వు అప్పుడే అయిపోగొట్టకండి, అసలు సంగతి ముందున్నది.

కాలిఫోర్నియాలో మాంటెరే అనే ఊళ్ళో 'మేట్' అనే సంస్థ ఒకటి ఉన్నది. సముద్రం అడుగున పనిచేసే యంత్రాలను విద్యార్థులచేత తయారు చేయించి, వాటికి పోటీలు పెట్టటం దాని పనుల్లో ఒకటి. రోబో అనగానే మీరు రెండు కాళ్ళూ, రెండు చేతులూ, నుదుటిమీద ఎర్ర దీపమూ ఉన్న మరమనిషిని ఊహించుకుంటారు. ఈ పోటీ యంత్రాలు అట్లా ఉండవు. ఒక చట్రం, దానికి నాలుగైదు చిన్న మోటార్లు, వాటికి తిరిగే రెక్కలు, చూడటానికి కెమెరాలు, పట్టుకోవటానికి ఒక ఇనప చెయ్యి - ఇంతే. ఒడ్డున కూర్చున్న మనిషికీ యంత్రానికీ మధ్య పొడుగాటి తీగ ఉంటుంది. గాలిపటం ఎగరేసే కుర్రవాడిచేతిలో దారం ఉన్నట్టే ననుకోండి, కాకపోతే గాలిపటం నీళ్ళల్లో ఉంటుంది.

ఈ పోటీకి పిల్లలు కావాలని ఉపాధ్యాయులు బడిలో అడిగారు. నలుగురు కుదిరారు. ఆస్కార్ వాజ్క్వెజ్ బడిలో సైనిక శిక్షణ పొందుతున్నవాడు, మన ఎన్.సి.సి. లాంటిదే అది. నలుగురినీ నడిపించేవాడు అతనే. క్రిస్టియన్ ఆర్సెగా చదువులో దిట్ట. లొరెంజో శాంటియాన్‌కు బడిలో అల్లరివాడని పేరు. అయితే కార్లు బాగుచేసే చోట నిలబడి చూసి చూసి ఏ పనికి ఏ పనిముట్టు కావాలో తెలుసుకున్నాడు. లూయీ అరాండా భారీ మనిషి, మితభాషి. హోటల్లో వంట పని చేసేవాడు. యంత్రాన్ని నీళ్ళల్లోకి దించటం, తీగను చిక్కుపడకుండా వదలటం అతని వంతు అయింది. తీగ వదలటం చిన్న పని అనుకునేరు! బావిలో చేద వేసినవాళ్ళకు తెలుస్తుంది దాని కష్టం.

నలుగురూ మెక్సికో దేశంలో పుట్టినవాళ్ళు. చిన్నతనంలో పెద్దవాళ్ళతోపాటు అమెరికా వచ్చేశారు. ఆ దేశంలో ఉండటానికి కావలసిన కాగితాలు వాళ్ళకు లేవు. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత దీనితో పని ఉన్నది.

మేట్ పోటీలో రెండు తరగతులు ఉండేవి. ఒకటి తేలిక, రెండవది కష్టం. కష్టమైన తరగతిలో కాలేజీలవాళ్ళు దిగుతారు. ఉపాధ్యాయులు ఆలోచించారు: "ఎట్లాగూ మనం ఓడిపోతాం. తేలిక తరగతిలో ఇంకో హైస్కూలు చేతిలో ఓడటంకన్న, కాలేజీవాళ్ళ చేతిలో ఓడటం మర్యాద!" అట్లా పెద్దవాళ్ళ పోటీకి పేరు ఇచ్చేశారు. ఆఖరున రాకుండా ఉంటే చాలునన్నది వాళ్ళ ఆశ. ప్రత్యర్థుల్లో ఎం.ఐ.టి. ఉన్నది. ప్రపంచంలో ఇంజనీరింగు చదువుకు దానికి మించిన పేరున్న విద్యాలయం మరొకటి చెప్పటం కష్టం. ఆ జట్టులో పన్నెండుమంది ఉన్నారు, వెనక ఒక పెద్ద చమురు కంపెనీ ధనసహాయం ఉన్నది. మన నలుగురూ పోగుచేసింది సుమారు 800 డాలర్లు. అప్పటి లెక్కలో ముప్పై ఆరువేల రూపాయలు.

డబ్బు తక్కువైనప్పుడు బుర్రకు పని ఎక్కువవుతుంది. సముద్రపు లోతుల్లో తిరిగే యంత్రాలు మునిగిపోకుండా ఒక ప్రత్యేకమైన నురుగు దిమ్మ వాడతారు. కంటికి కనిపించనంత చిన్న గాజు బుడగలను జిగురులో కలిపి దాన్ని చేస్తారు. చాలా ఖరీదు. కుర్రవాళ్ళు ఏం చేశారంటే, ఇళ్ళల్లో కుళాయిలకు వేసే పి.వి.సి. గొట్టాలు కొన్నారు. చట్రమూ వాటితోనే కట్టారు, గొట్టాల లోపల గాలిని బంధించి తేలే శక్తీ వాటితోనే తెప్పించారు. గొట్టాలు అతికించే జిగురు ముక్కు బద్దలయ్యే కంపు. చిన్న గదిలో రోజుల తరబడి అతికిస్తూ కూర్చుంటే తలలు దిమ్మెక్కాయి. అందుకని యంత్రానికి 'స్టింకీ' అని పేరు పెట్టారు. మన భాషలో 'కంపుగాడు' అన్నమాట.

ఇక్కడ కాస్త ఆగుదాం. నీళ్ళల్లో పనిచేసే యంత్రం పూర్తిగా తేలకూడదు, పూర్తిగా మునగకూడదు. తేలితే దాన్ని కిందికి తోయటానికే మోటార్ల బలమంతా అయిపోతుంది. మునిగితే పైకి ఎత్తటానికి అయిపోతుంది. వదిలినచోట నిలబడాలి. దానికి సూత్రం ఆర్కిమిడీస్ 2200 సంవత్సరాల క్రితమే చెప్పాడు: వస్తువు ఎంత నీటిని పక్కకు తోసిందో ఆ నీటి బరువంత బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. వస్తువు బరువూ, అది తోసిన నీటి బరువూ సమానమైతే అది పైకీ పోదు, కిందికీ పోదు.

ఇది చదివితే సులువు. చేసి చూడండి. మూత గట్టిగా పట్టే చిన్న మందు సీసా తీసుకోండి. బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకోండి. ఖాళీ సీసా తేలుతుంది. సీసాలో కొంచెం కొంచెంగా పొడి ఇసుక పోస్తూ, ప్రతిసారీ మూత బిగించి వదలండి. ఒక చోటికి వచ్చేసరికి చిటికెడు వేస్తే మునుగుతుంది, చిటికెడు తీస్తే తేలుతుంది. నడిమధ్య ఆపటం మహా కష్టం. ఒక్కొక్క గింజ లెక్కకు వస్తుంది. మునిగిన సీసాను అట్లాగే ఉంచి, బకెట్టులో గుప్పెళ్ళతో ఉప్పు కలిపి చూడండి. సీసాను ముట్టుకోకుండానే అది పైకి లేస్తుంది. ఉప్పునీళ్ళు మంచినీళ్ళకన్న బరువు కనుక. అమ్మ ఉప్పు డబ్బా చూసుకునేలోగా ఈ ప్రయోగం ముగించండి!

మళ్ళీ కంపుగాడి దగ్గరికి వద్దాం. యంత్రానికి కరెంటు ఎక్కడినుంచి రావాలి? బ్యాటరీ ఒడ్డున పెట్టి తీగ ద్వారా పంపవచ్చు. కాని తీగ పొడుగైనకొద్దీ దారిలో శక్తి తరిగిపోతుంది. ఊరి చివరి ఇంట్లో దీపం మందంగా వెలగటం మీరు చూసే ఉంటారు. తీగను లావు చేస్తే శక్తి చేరుతుంది, కాని లావు తీగ ఏనుగు తోకలాగా యంత్రాన్ని వెనక్కు లాగుతుంది. కుర్రవాళ్ళు తెగించారు. నీళ్ళు దూరని ఒక చేతిపెట్టె కొని, బ్యాటరీని దానిలో పెట్టి, యంత్రంతోపాటే నీళ్ళల్లోకి పంపారు. అప్పుడు తీగ సన్నగా ఉంటే చాలు. అయితే పెట్టెలోకి నాలుగు చుక్కల నీళ్ళు పోయినా అంతా నాశనం.

పోటీలో దూరాలు కొలవాలి. దానికి లేజరు కాంతితో దూరం కొలిచే పరికరం ఒకటి అడిగి సంపాదించారు. అవును, అడిగి. వాళ్ళకు తెలియనివి ఎన్నో ఉన్నాయి. తెలిసినవాళ్ళెవరో కనుక్కుని, ఫోను చేసి, "మేము హైస్కూలు పిల్లలం, ఇట్లా ఒక యంత్రం చేస్తున్నాం" అని సలహా అడిగారు. బడిపిల్లలు అడిగితే చాలామంది పెద్దవాళ్ళు కాదనరు. ఇది నా అనుభవం కూడా.

ఆ పరికరం గాలిలో కొలవటానికి చేసింది. నీళ్ళల్లో కాంతి నెమ్మదిగా, గాలిలో పోయే వేగంలో సుమారు మూడు పాళ్ళే పోతుంది - నాలుగింట మూడు వంతులన్నమాట. ఆ సంగతి పరికరానికి తెలియదు. కాంతి ఆలస్యంగా తిరిగి వచ్చింది కనుక దూరం ఎక్కువని అనుకుంటుంది. నిజంగా మూడడుగులుంటే నాలుగు అని చూపిస్తుంది. కుర్రవాళ్ళు ఆ తేడా కట్టుకుని, చూపిన లెక్కను సరిచేసుకున్నారు. గ్లాసులో పెన్సిలు వంగినట్టు కనిపించటానికి కారణమైన సూత్రమే ఇది. పరీక్షలో అయిదు మార్కులు తెచ్చిపెట్టి ఊరుకునే పాఠం, అక్కడ యంత్రానికి కన్ను అయింది.

2004 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో పోటీ జరిగింది. ఈతకొలను అడుగున ప్లాస్టిక్ గొట్టాలతో జలాంతర్గామి నమూనా కట్టి ఉంచారు. దాని పొడవు కొలవాలి, లోతు చెప్పాలి, గంట పైకి తేవాలి, ఒక పీపాలోని ఎర్రని ద్రవం కొంచెం పీల్చి తేవాలి - ఇట్లా చాలా పనులు.

ముందురోజు అభ్యాసానికి యంత్రాన్ని దించారు. అది చెప్పినట్టు వినలేదు. పైకి తీసి చూస్తే ఏముంది? పెట్టెలోకి తడి వచ్చింది! కొత్త పెట్టె కొనటానికి డబ్బూ లేదు, సమయమూ లేదు. తీగల అతుకులు కూడా సరిగా లేవు. ఎవరికైనా ఏడుపు వచ్చే ఘడియ.

అప్పుడు లొరెంజోకు ఒక ఆలోచన తట్టింది. నీళ్ళు రాకుండా ఆపలేకపోతే, వచ్చిన నీళ్ళను తాగేసేది ఏదైనా పెట్టెలో పెడితే? ఆడవాళ్ళు వాడే, తడిని బాగా పీల్చే దూదిచుట్టలు దుకాణాల్లో దొరుకుతాయి. అవి కొని తెచ్చే పని అతనిమీదే పడింది. పదహారు పదిహేడేళ్ళ కుర్రవాడు దుకాణంలోకి వెళ్ళి, ఏ రకం ఎక్కువ తడి పీలుస్తుందో ఒక అపరిచితురాలిని అడగవలసి వచ్చింది. సిగ్గుపడ్డాడు, అయినా అడిగాడు. నన్ను అడిగితే, ఆ పోటీ మొత్తంలో ఇంతకంటె ధైర్యమైన పని ఇంకొకటి లేదు. ఆ రాత్రి నిద్ర మానుకుని తీగలు మళ్ళీ సోల్డరు చేశారు.

మర్నాడు న్యాయనిర్ణేతలు నలుగురినీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. లేజరు లెక్క ఎట్లా సరిచేశారని అడిగారు. ఈ కుర్రవాళ్ళు తడుముకోకుండా చెప్పారు. తమ చేతులతో చేసిన పని గనుక, పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

ఇక నీళ్ళల్లో పోటీ. ఎం.ఐ.టి. వారి యంత్రం చక్కగా దిగింది, పీపాను త్వరగానే కనుక్కున్నది. కాని దాని చెయ్యి నమూనా చట్రానికి తగులుకుంది. సందులోంచి దూరటానికి యంత్రం పెద్దదయిపోయింది. ద్రవం తీయలేక వేరే పనికి వెళ్ళిపోయింది. కంపుగాడు నెమ్మదిగా దిగాడు. వాడికి వంచిన సన్నని గొట్టం ఒకటీ, చిన్న పంపు ఒకటీ ఉన్నాయి. అది పీపా మూతిలోకి దూరింది. ఎర్రని ద్రవం పైకి ఎక్కింది. దూదిచుట్టలు తమ పని తాము చేశాయి.

సాయంత్రం బహుమతులు చదివారు. ముందు ఒక ప్రత్యేక బహుమతికి వీళ్ళ పేరు పిలిచారు. "మనని ఊరడించటానికి ఇచ్చారు" అనుకున్నారు. తరవాత సాంకేతిక నివేదిక బాగా రాసినందుకు ఒకటి, యంత్ర నిర్మాణంలోని చక్కదనానికి ఒకటి వచ్చాయి. చివరకు మొత్తం పోటీ ఫలితాలు చదివారు. రెండవ స్థానం ఎం.ఐ.టి. మొదటి స్థానం కార్ల్ హేడెన్ హైస్కూలు!

మామూలుగా ఇట్లాంటి కథలు ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపను. ఎందుకంటే తండ్రిగారి రెండో ప్రశ్నకు జవాబు ఇకముందున్నది.

గెలిచిన మాత్రాన నలుగురికీ ఇంజనీరింగు కాలేజీ తలుపులు తెరుచుకోలేదు. కాగితాలు లేవని చెప్పాను గదా. 2006లో అరిజోనా ప్రజలు ఒక చట్టానికి ఓటు వేశారు: కాగితాలు లేని విద్యార్థులకు రాష్ట్రంలోనివారికి ఇచ్చే తక్కువ ఫీజు ఇవ్వకూడదని. ఫీజు ఒక్కసారిగా ఎన్నో రెట్లయింది. చదువులో దిట్ట అన్నానే, క్రిస్టియన్, అతను విశ్వవిద్యాలయంలో చేరి కూడా చదువు మానుకోవలసి వచ్చింది. లొరెంజో, లూయీ వంటలు నేర్చుకుని, విందులకు వంట చేసిపెట్టే వ్యాపారం పెట్టారు. ఆస్కార్ మాత్రం దాతలు ఇచ్చిన డబ్బుతో చదివి 2009లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, తన పరిస్థితి చట్టప్రకారం సరిచేసుకుందామని తనంతట తానే మెక్సికో వెళ్ళాడు. అక్కడినుంచి పదేళ్ళపాటు అమెరికా రాకూడదన్నారు! ఇంజనీరు పట్టా ఉన్నవాడు, భార్యాబిడ్డలకు దూరంగా అక్కడ ఉండిపోయాడు. 2010లో ఆ నిషేధం తొలగించాక తిరిగి వచ్చి, చిన్నప్పటి కోరిక ప్రకారం సైన్యంలో చేరాడు.

వీళ్ళను గురించి 2014లో పుస్తకం వచ్చింది, 2015లో సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఒక పోటీ పిల్లవాడి చేతికి పని నేర్పగలదు. వాడి ఎదుట ఉన్న గోడను పడగొట్టటం పోటీవల్ల కాదు; అది పెద్దవాళ్ళు చేయవలసిన పని.

ఇక మన సంగతి. ఉత్తరం రాసిన తండ్రిగారూ! ఖరీదైన పెట్టె కొనేముందు మీవాడి బడికి వెళ్ళి ఒకటి కనుక్కోండి. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం 'అటల్ టింకరింగ్ ల్యాబ్' అనే పథకం నడుపుతున్నది. ఆరో తరగతినుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లల కోసం, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఆ గదిలో చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పలకలు, మోటార్లు, వేడినీ వెలుతురునూ పసిగట్టే పరికరాలు, ప్లాస్టిక్ కరిగించి వస్తువులు పోతపోసినట్టు చేసే త్రీడీ ప్రింటరు ఉంటాయి. దేశంలో పదివేల బడుల్లో ఇట్లాంటి గదులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఉన్నాయి. మీవాడి బడిలో లేకపోతే దగ్గర బడిలో ఉన్నదేమో అడగండి.

రెండవది 'ఇన్‌స్పైర్ మానక్'. దీనికి ఫీజు లేదు. పిల్లవాడు తన ఊళ్ళోనో, ఇంట్లోనో ఉన్న ఒక ఇబ్బందికి ఉపాయం ఆలోచించి కాగితంమీద పెడితే, ప్రధానోపాధ్యాయుడు బడి తరఫున పంపిస్తాడు. ఒక బడి అయిదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైతే నమూనా చేయటానికి 10,000 రూపాయలు ఇస్తారు. జిల్లాలోనూ, రాష్ట్రంలోనూ, తరవాత దేశంలోనూ ప్రదర్శనలు ఉంటాయి. చాలా బడుల్లో ఈ అయిదు పేర్లూ గడువు ముందురోజు హడావుడిగా వెతుకుతారని నాకు తెలుసు. మీ అబ్బాయి నెల ముందే వెళ్ళి అడిగితే మేష్టరుగారు సంతోషిస్తారు.

ఒక మాట మాత్రం దాచను. నేను చూసిన ఒక బడిలో ఇట్లాంటి గది ఉన్నది. లోపల సామాను కొత్తదనం చెడకుండా మెరుస్తున్నది. తలుపుకు తాళం ఉన్నది. "పిల్లలు పాడు చేస్తారండీ" అన్నారు. పాడైపోని సామానుతో ఏ పిల్లవాడూ ఏదీ నేర్చుకోలేదు. పిల్లలూ, మీ బడిలో అట్లాంటి గది ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ముందు కనుక్కోండి. ఒక్కరు వెళ్ళి అడగకండి, నలుగురు కలిసి వెళ్ళండి. ఏం చేయదలచుకున్నారో ఒక కాగితంమీద బొమ్మ గీసి తీసుకువెళ్ళండి. శనివారం సాయంత్రం ఒక్క గంట చాలునని అడగండి. మొదటిసారి కాదంటే పై శనివారం మళ్ళీ వెళ్ళండి.

క్లాసుకు పంపించే స్తోమత ఉన్న తలిదండ్రులు పంపించండి, తప్పు లేదు. కాని చేర్చేముందు ఒకసారి వెళ్ళి చూడండి. పిల్లలందరూ పెట్టెలో వచ్చిన కాగితం ప్రకారం ఒకే బొమ్మ బిగించి, అది తిరిగితే ఫోటో తీయించుకుని వస్తున్నారా? లేక ఎవడిది వాడు చేసి, అది తిరగకపోతే ఎందుకు తిరగలేదో కూర్చుని చూస్తున్నారా? రెండో రకమైతే డబ్బు దండుగ కాదు.

ఇంతకీ ఆ తొమ్మిదో తరగతి అబ్బాయికి నేను ఒక పని అప్పగిస్తున్నాను. మందు సీసా, బకెట్టు, ఇసుక - ఈ మూడూ మీ ఇంట్లో ఉంటాయి. సీసాను నీళ్ళ నడిమధ్యన పది లెక్కపెట్టేదాకా నిలబెట్టు. ఎన్నోసారికి నిలబడిందో, మధ్యలో మూతలోంచి నీళ్ళు దూరితే ఏం చేశావో నాకు రాయి. మిగతా పిల్లలు కూడా రాయవచ్చు.